ఇప్పటి పేరు పక్కన అప్పటి పేరు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ



మా ఇంట్లో ఒక రాగి బిందె ఉంది. మా నాయనమ్మ పెళ్లికి ఆమె తల్లిగారు పెట్టిన బిందె. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. మామూలు రోజుల్లో కనపడవు. పండగకు చింతపండు పెట్టి తోమితే ఎర్రటి రాగి మీద నల్లగా తేలతాయి. మా ముత్తాత పేరు, దాని పక్కన "కూడవెల్లి, తా॥ అలంపురం, జి॥ రాయచూరు", చివర "ఫ॥ 1352".

మా వంశవృక్షం రాయాలని కూర్చున్నప్పుడు చేతికి దొరికిన మొదటి ఆధారం ఇదే. మా పెద్దల్లో ఎవరికీ పుట్టుక పత్రాలు లేవు. శుభలేఖలు చెదలు తిన్నాయి. ఈ బిందె మీద ఒక్క అక్షరం కూడా తప్పు లేదని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మొదట్లో అన్నీ తప్పులే అనిపించాయి. కూడవెల్లి అనే ఊరు అక్కడ ఇప్పుడు లేదు. అలంపురం రాయచూరు జిల్లాలో లేదు. రాయచూరు మన రాష్ట్రంలోనే లేదు. ఇక 1352 చూస్తే అది కాకతీయులు పోయిన శతాబ్దపు మధ్యకాలం.

అది ఫసలీ అని, నిజాం ప్రభుత్వపు ఫసలీకి 590 కలిపితే మన అంకె వస్తుందని, ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలని ఒక పాత పట్వారీ కొడుకు చెప్పాడు. అంటే నాయనమ్మ పెళ్లి 1942–43లో. ఆనాడు అలంపురం తాలూకా, గద్వాల సంస్థానం రెండూ హైదరాబాద్ రాజ్యంలో రాయచూరు జిల్లా కింద ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లా అంతా మైసూరు రాష్ట్రానికి పోయింది, అలంపురం, గద్వాల తాలూకాలు తప్ప. ఆ రెండూ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. కొడంగల్‌ది కూడా ఇదే కథ, కాకపోతే అది గుల్బర్గా జిల్లా నుంచి వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, జిల్లా జోగులాంబ గద్వాల అయింది. 1930లో గద్వాల కోట పక్కన పుట్టి, 2016 దాకా ఆ వీధి దాటని ముసలమ్మ ఉందనుకోండి. ఆమె నిజాం రాజ్యంలో, హైదరాబాద్ రాష్ట్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో బతికింది. మూడు జిల్లాల మనిషి అయింది. ఆమె ఇంటి గడప మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ సంగతి మీకు కొత్తది కాకపోవచ్చు. మీ రికార్డు గదుల్లోనే ఇవన్నీ ఉన్నాయి. కానీ మీ కార్యాలయాల కంప్యూటర్లకు తెలియదు. ఎలాగో చెబుతాను.

మా నాన్న 1948లో పుట్టాడు. "పోలీసు చర్య అయిన రెండో నెల" అని నాయనమ్మ లెక్క. తొలి కాన్పు కాబట్టి తల్లిగారింట్లో, కూడవెల్లిలో. మాది కృష్ణకు ఇవతల శ్రీరంగాపురం, వనపర్తి సంస్థానం కిందిది. అంటే మా నాన్న పుట్టింది ఒక జిల్లాలో, పెరిగింది మరో జిల్లాలో. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం మన దగ్గర ఇంటింటి ఆచారం. అయినా వంశవృక్షాలు రాసేవాళ్లు తండ్రి ఊరినే పుట్టిన ఊరిగా వేసేస్తుంటారు. మన కుటుంబ చరిత్రల్లో సగం తప్పులు అక్కడే మొదలవుతాయని నా నమ్మకం.

నాలుగేళ్ల కింద ఒక కార్యాలయంలో ఆయన పుట్టిన చోటు రాయించాల్సి వచ్చింది. తెర మీద జిల్లాల జాబితా తెరుచుకుంది. ఇప్పటి ముప్పైమూడు జిల్లాలే ఉన్నాయి. రాయచూరు అన్నాం. అక్కడి అబ్బాయి రాష్ట్రం మార్చి, కర్ణాటక కింద రాయచూరు వెతికి నొక్కాడు. మా నాన్న మెల్లగా అన్నాడు: "బిడ్డా, నేను కర్ణాటకల పుట్టలే. హైదరాబాద్ రాష్ట్రంల పుట్టిన." ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు. "సార్, అట్ల రాసే జాగా ఇందులో లేదు" అన్నాడు. నిజంగానే లేదు. కర్ణాటక అనే పేరు ఆ రాష్ట్రానికి 1973లో వచ్చింది. 1948లో పుట్టిన మనిషి, ఇరవై అయిదేళ్ల తర్వాత పేరు పెట్టిన రాష్ట్రంలో పుట్టినట్టు కాగితం తయారైంది. దాన్ని సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాం. చివరికి "జోగులాంబ గద్వాల, తెలంగాణ" అని వచ్చింది. ఊరు ఉన్న నేల అయితే అదే. కాలం మాత్రం కాదు. ఆ కాగితం చూసి నా మనవలు ఎప్పుడో గద్వాల, మహబూబ్‌నగర్ దఫ్తరాల్లో ముత్తాత కోసం వెతుకుతారు. 1948 నాటి అలంపురం కాగితాలు రాయచూరు పేరు మీద కట్టలు కట్టి ఉంటాయి. వాళ్లకు దొరకవు. "రికార్డు లేదు" అని రాసుకుంటారు.

వంశచరిత్ర రాసేవాళ్లు ఏ దేశంలో ఉన్నా పాటించే పద్ధతి ఒకటుంది. సంగతి జరిగిన రోజున ఆ చోటును ఏమని పిలిచేవారో, ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ రాజ్యమో అది ముందు రాస్తారు. ఇప్పుడేమంటున్నారో పక్కన రాస్తారు. తూర్పు ఐరోపాలో ఒక పట్నం ఆస్ట్రియా ఏలుబడిలో లెంబెర్గ్, పోలండ్‌లో ల్వూఫ్, సోవియట్ కాలంలో ల్వోవ్, ఇప్పటి ఉక్రెయిన్‌లో ల్వీవ్. అక్కడి కుటుంబాల వాళ్లు తాతల పుట్టుక వెతకాలంటే ఏ ఏడాదికి ఏ పేరో తెలియాలి, అప్పుడు ఏ దేశపు భద్రాలయానికి రాయాలో తెలుస్తుంది. మారిషస్‌లోని మన తెలుగువాళ్లకైతే వలస కాగితాల్లో దొర రాసిన జిల్లా పేరు, వంకర టింకర ఊరి పేరు తప్ప ఇంకో దారే లేదు. అన్ని సముద్రాలు దాటినవాళ్ల సంగతి అటుంచండి. ఇక్కడ కృష్ణ దాటినవాళ్లకే ఈ గతి పట్టింది.

సురవరం ప్రతాపరెడ్డి గారినే తీసుకోండి. గోలకొండ పత్రిక నడిపిన మనిషి, 354 మంది తెలంగాణ కవులను 1934లో ఒక్క సంచికలోకి తెచ్చిన మనిషి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లిన మనిషి. పుట్టింది 1896లో తల్లిగారి ఊరు బోరవెల్లిలో, సొంత ఊరు ఇటిక్యాలపాడు. రెండూ అలంపురం ప్రాంతంలోవే. ఆయన గురించిన రాతల్లో పుట్టిన జిల్లా ఒకచోట మహబూబ్‌నగర్, ఇంకోచోట జోగులాంబ గద్వాల. ఆయన 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అలంపురం తాలూకా మహబూబ్‌నగర్ జిల్లాలోకి రావడానికి అప్పటికి ఇంకా మూడేళ్లుంది. ఆంధ్రుల సాంఘిక చరిత్రను అంత జాగ్రత్తగా రాసిన మనిషి పుట్టుకను మనం ఇంత అజాగ్రత్తగా రాస్తున్నాం. అంతటి వారికే ఇలా జరిగితే, పేరు లేని మా ముత్తాతల సంగతి చెప్పాలా?

నాగర్‌కర్నూల్ కలెక్టర్ గారూ, మీ జిల్లా చిక్కు ఇంకో రకం. 2016లో పుట్టిన జిల్లా అనుకుంటాం గాని, పందొమ్మిదో శతాబ్దంలోనే నిజాం ప్రభుత్వంలో నాగర్‌కర్నూల్ జిల్లా ఉండేది. 1883లో జిల్లా కేంద్రం పాలమూరుకు మారింది. 1890 డిసెంబర్ 4న పాలమూరు, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయింది. కాబట్టి 1870ల నాటి కాగితంలో "జిల్లా నాగర్‌కర్నూల్" అని కనపడితే అది మీ జిల్లా అని అనుకోవడానికి లేదు. ఆ ఊరు ఇవాళ మహబూబ్‌నగర్‌లోనే ఉండవచ్చు.

దాని మీద ఇంకో ముడి ఉంది. కందనూలు. మన పెద్దలు "పిల్లను కందనూలుకు ఇచ్చినం" అంటే ఏ కందనూలు? తుంగభద్ర అవతలి కర్నూలునూ కందనూలు అనేవారు, నాగర్‌కర్నూల్‌నూ కందనూలు అంటారు. ఒకటి మద్రాసు ప్రెసిడెన్సీ, రెండోది నిజాం రాజ్యం. అలంపురం నుంచి కర్నూలుకు ఏరు దాటితే చాలు, కానీ ఆ ఏరు రెండు రాజ్యాల సరిహద్దు. అటు ఫసలీ ఏడాది జూలైలో మొదలయ్యేది, ఇటు అక్టోబర్‌లో. అటు కాగితాలు తెలుగు, ఇంగ్లీషు. ఇటు ఉర్దూ. ఒక్క ఊరి పేరు పొరపాటుగా అర్థం చేసుకుంటే వెతకాల్సిన రాజ్యం, చదవాల్సిన లిపి, లెక్కపెట్టాల్సిన నెల అన్నీ మారిపోతాయి.

ఇలాంటి జంట పేర్లు మన మూడు జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఉండవల్లి అంటే లోకమంతా గుంటూరు వైపు గుహలను తలుచుకుంటుంది, మన ఉండవెల్లి అలంపురం పక్కనుంది. ఆత్మకూరు వనపర్తి జిల్లాలో ఒకటి, నల్లమల అవతల ఒకటి, నెల్లూరు వైపు ఒకటి. కొల్లాపూర్‌ను మరాఠా దేశపు కొల్హాపూర్ అనుకున్న ఉత్తరాలు కొన్ని నేనే చూశాను. ఆ కొల్లాపూర్ రాజ్యం పాత కాగితాల్లో జటప్రోలు సంస్థానం. వనపర్తి సంస్థానం పాత కాగితాల్లో సుగూరు సంస్థానం. మా కూడవెల్లి పేరు ఫోన్‌లో కొడితే సిద్దిపేట వైపు కూడవెల్లి వాగు, రాములవారు ప్రతిష్ఠించారని చెప్పుకునే అక్కడి గుడి వస్తాయి. మాది రాదు. మాది నీళ్లలో ఉంది.

ఉర్దూ దఫ్తరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ లిపిలో ణ లేదు, ళ లేదు. పొట్టి అచ్చులు రాయరు. కింద ఒక చుక్క పెడితే బ, మూడు పెడితే ప. గుమాస్తా తొందరలో రెండు చుక్కలు మింగితే ఊరి పేరు మారిపోతుంది. పైగా పాత రాత షికస్తాలో, అక్షరాలు విరిచి కలిపిన గొలుసులో ఉంటుంది. దాన్ని ఉర్దూ వచ్చిన ఈనాటి కుర్రవాళ్లు కూడా చదవలేరు. ఇక ఇంగ్లీషులో రాసినప్పుడు మానవపాడు మనోపాడ్ అయింది. అయిజను ఎన్ని స్పెల్లింగులతో రాశారో లెక్కే లేదు. కాలూరు తిమ్మనదొడ్డి అనే నిండైన పేరు కేటీ దొడ్డి అయి కూర్చుంది. ఆ రెండు అక్షరాల వెనకాల ఏ ఊరుందో ఇంకో ముప్పై ఏళ్లకు ఎవరు చెబుతారు?

కృష్ణా తుంగభద్రల మధ్య నేలను మేం నడిగడ్డ అంటాం. గద్వాల, అలంపురం మనిషి ఎక్కడ కనపడినా "మాది నడిగడ్డ" అంటాడు. ఆ పేరు ఏ పహాణీలో లేదు, ఏ జిల్లా గెజిట్ జాబితాలో లేదు. అయినా ఇన్ని జిల్లాలు మారినా మారని పేరు అదొక్కటే.

ఇప్పుడు ముంపు ఊళ్ల దగ్గరికి వస్తాను. ఈ లేఖ రాయించింది అవే.

శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు పోయాయి. ఇటు అలంపురం, కొల్లాపూర్ తాలూకాలవి, అటు కర్నూలు జిల్లావి. కూడవెల్లి సంగమేశ్వరాలయం చాళుక్యుల నాటిది, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. దాన్ని పురావస్తు శాఖవారు రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురంలో మళ్లీ అదే వరసలో పేర్చారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. జటప్రోలులో, సోమశిలలో కూడా గుళ్లు పైకి ఎక్కాయి. అది గొప్ప పని. అలంపురం పోయినప్పుడల్లా ఆ గుడి ముందు నిలబడి, ఏ రాయి ఎక్కడుండాలో తెలిసిన ఆ పనివాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను. కానీ గుడి చుట్టూ ఉన్న ఊరికి నంబర్లు వేసినవాళ్లు లేరు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఏ వీధి పేరేమిటి, ఏ చేనును ఏమని పిలిచేవారు, ఏ కుటుంబం ఏ ఊరికి పోయింది, ఇవేవీ ఒకచోట రాసి లేవు. నష్టపరిహారం దస్త్రాల్లో సర్వే నంబర్లూ పైకమూ ఉంటాయి. ఊరు ఉండదు.

మా నాయనమ్మ పోయింది. ఆమె చెల్లెలు ఉంది. తొంభై దాటాయి. అలంపురం దగ్గర కొత్త ఊళ్లో ఉంటుంది. పోయిన మాఘమాసంలో వెళ్లి పక్కన కూర్చుంటే, ముగ్గుపిండి డబ్బా తెమ్మంది. గచ్చు మీద రెండు గీతలు గీసింది. "ఇది కిష్ణ, ఇది తుంగబద్ర." రెండూ కలిసే చోట చుక్క పెట్టి "సంగమయ్య" అంది. అక్కడి నుంచి వేలితో ఒక వీధి లాగింది. కమ్మరి కొలిమి, పెద్ద వేపచెట్టు, చాకిరేవు బాట, మా ముత్తాత ఇల్లు, ఇంటి వెనక పశువుల కొట్టం, దాని వెనక మిరప మడి. ఒక్కో ఇంటి దగ్గర ఆగి ఆ ఇంటివాళ్ల పేరు చెప్పి, "వీళ్లు బీచుపల్లి దిక్కు పోయిండ్రు, వీళ్లు కర్నూలు పోయిండ్రు, ఈ పిలగాడు బొంబాయిల సచ్చిపోయిండు" అంటూ పోయింది. పందొమ్మిది ఇళ్లు చెప్పింది. ఇరవయ్యో ఇంటి దగ్గర చెయ్యి ఆగింది. ఎంత సేపు చూసినా ఆ ఇంటి పేరు రాలేదు. "ఊకో బిడ్డా, రేపు చెప్త" అంది. మర్నాటికీ గుర్తు రాలేదు. నేను ముగ్గు గీతలను ఫోటో తీసుకున్నాను. సాయంత్రం కోడలు గచ్చు తుడిచింది.

ముంపు ఊళ్లే కాదు, కాగితం మీద ఉండి నేల మీద లేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. రెవెన్యూ భాషలో వాటిని బేచిరాగ్ అంటారు. దీపం లేని ఊరు. కలరాకో, కరువుకో, దొంగల భయానికో జనం లేచిపోతే మౌజా పేరు మాత్రం సర్వే పటంలో మిగిలిపోయింది. మన వైపు ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే. ఒకరి ఇంటిపేరులోని ఊరు ఎక్కడా దొరకలేదంటే బేచిరాగ్ జాబితాలో చూడమని నేను అందరికీ చెబుతుంటాను. ఆ జాబితా చూడాలంటే తహసీల్ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

నేల మీద ఉండి కాగితం మీద లేనివి ఇంకో రకం. నల్లమలలో చెంచుల పెంటలు. అప్పాపూర్ వంటి కొన్ని పెంటల పేర్లు బయటికి తెలుసు గాని, నీళ్లు ఎండితే లేచి ఇంకోచోట దిగిన చిన్న పెంటల పేర్లు చెంచు ముసలివాళ్ల నోట తప్ప లేవు. లంబాడా తండాలు తరతరాలుగా పక్క ఊరి మజ్రాలుగానే, అంటే శివారు పల్లెలుగానే, లెక్కకెక్కాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి, సంతోషం. కానీ అంతకు ముందు ఆ తండాలో పుట్టినవాళ్లందరి కాగితాల్లో పుట్టిన ఊరు ఎవరిదో ఊరి పేరు. ఏ తండా ఏ ఏడాది దాకా ఏ ఊరి మజ్రాగా ఉందో ఒక్క వాక్యం ఎక్కడైనా రాసి ఉంటే ఆ పిల్లలకు తోవ దొరుకుతుంది. ఇక పనుల కోసం వలసపోయే పాలమూరు లేబర్ పిల్లల పుట్టుక ఊళ్లు దేశంలోని డ్యాములన్నీ, కాలువ గట్లన్నీ. ఆ గట్ల పేర్లు తల్లులకే గుర్తు.

ఇదంతా మనకు కొత్త ఆలోచన కూడా కాదు. నా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చాక పిచ్చకుంట్లవారు వచ్చేవాళ్లు. వాకిట్లో నిలబడి మా గోత్రం, ఇంటిపేరు, మూలపురుషుడు ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎందుకు లేచి వచ్చాడో వరసగా చెప్పేవాళ్లు. గింజలు తీసుకుని, ఆ ఏడాది ఇంట్లో పుట్టినవాళ్ల పేర్లు అడిగి తమ వరసలో కలుపుకునిపోయేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు ఇలాగే కులపు కథను మోశారు. వాళ్ల నోట ఊళ్ల పేర్లు ఎప్పుడూ పాత పేర్లే. కొత్త జిల్లా వచ్చిందని పాటలోని ఊరిని మార్చలేదు. వాళ్ల పిల్లలు ఇప్పుడు వేరే పనుల్లో ఉన్నారు, ఉండాలి కూడా. కానీ ఆ వరసలు వినేవాళ్లు లేక ఆగిపోయాయి.

రాతలోనూ ముందు చేసినవాళ్లున్నారు. కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి పుస్తకం ఇచ్చారు. నాగర్‌కర్నూల్‌లోనే బతికిన కపిలవాయి లింగమూర్తి గారు తొంభై ఏళ్ల జీవితంలో ఈ నేల గుళ్లనూ స్థలాల చరిత్రనూ ఒంటి చేత్తో కూడగట్టారు. 2018లో ఆయన పోయాక ఒక సంస్థ మూతబడినట్టయింది. ఒక్కో పండితుడు చెప్పులు అరిగేలా తిరిగి చేసిన పని, ముగ్గురు కలెక్టర్లు తలుచుకుంటే రెండు ఎండాకాలాల్లో అవుతుంది.

నేను అడుగుతున్నది ఒక పుస్తకం. ఊరికో పుట. ఊరి పేరు జనం పలికినట్టు, తెలుగు కాగితాల్లో, ఉర్దూ దఫ్తరంలో, ఇంగ్లీషులో ఎలా ఉందో నాలుగు రూపాలూ రాయాలి. అది నేరుగా నిజాం ప్రభుత్వం కింది దివానీదా, గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత వంటి సంస్థానాల కిందిదా, 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఎవరి దఫ్తరంలో లెక్కలున్నాయో ఉండాలి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ తాలూకా, 1985 తర్వాత ఏ మండలం, 2016 తర్వాత ఏ జిల్లా అన్నది తేదీలతో కావాలి. ఇక మజ్రాలు, పెంటలు, తండాలు, బేచిరాగ్‌లు. ముంపు ఊరైతే జనం ఎక్కడెక్కడికి పోయారో. ఇందులో చాలా భాగం మీ దగ్గరే ఉంది. సేత్వార్‌లో, 1954–55 ఖాస్రా పహాణీలో, గెజిట్ నోటిఫికేషన్లలో. తార్నాకలోని రాష్ట్ర భద్రాలయంలో ఇంకొంత. మిగతాది ముసలివాళ్ల నోట ఉంది, దానికి మాత్రం గడువుంది.

ఊళ్లకు కోడ్ నంబర్లు ఇచ్చాం, ఇంకెందుకు అని ఎవరైనా అంటారేమో. కోడ్ ఇవాళ్టి ఊరిని ఇవాళ్టి జిల్లాలో వెతకడానికి పనికొస్తుంది. 1942–43లో రాగి బిందె మీద పేరు కొట్టిన మనిషికి కోడ్ తెలియదు. పాత పేర్లు తవ్వితే పేర్లు మార్చమని గొడవలొస్తాయని ఇంకొందరు జంకుతారు. ఏ ఊరి పేరూ మార్చమని నేను అడగడం లేదు. మహబూబ్‌నగర్ ఉండనీయండి, పాలమూరు ఉండనీయండి. నూటముప్పై ఏళ్లకు పైగా రెండు పేర్లనూ ఒకే నోట పలుకుతున్న జనం మేం, ఎన్నడూ తికమకపడలేదు. ఒక పేరును కొట్టేసి ఇంకోటి రాసినప్పుడే చిక్కు వచ్చింది.

దరఖాస్తుల్లో పుట్టిన చోటు అడిగే దగ్గర ఒక్క గడి పెంచమని కూడా పైవాళ్లకు రాయండి. "పుట్టిననాటి తాలూకా, జిల్లా, రాష్ట్రం" అని. ఖాళీగా వదిలేసేవాళ్లు వదిలేస్తారు. మా నాన్న వంటివాళ్లు నింపుకుంటారు. జనగణన 2027 మార్చి 1ని ప్రమాణంగా పెట్టుకుని జరగబోతోంది. ఇంటింటికీ మనుషులు తిరుగుతారు. వాళ్లతోనే అడిగించడానికి చట్టం ఒప్పకపోవచ్చు, కానీ అదే సమయంలో పంచాయతీ కార్యదర్శులు తమ ఊళ్లో ఎనభై దాటిన నలుగురి దగ్గర కూర్చుని ఒక పుట నింపడానికి ఏ చట్టమూ అడ్డం రాదు.

నమూనాకు ఒక పుట నేనే రాశాను:

"కూడవెల్లి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర. అలంపురం తాలూకా, రాయచూరు జిల్లా, హైదరాబాద్ (1956 అక్టోబర్ 31 దాకా). తర్వాత మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. శ్రీశైలం జలాశయంలో మునిగింది. సంగమేశ్వరాలయం అలంపురానికి తరలింది. ఆ నేల ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా, తెలంగాణ. సిద్దిపేట వైపు కూడవెల్లి వేరు. జనం పోయిన చోట్లు: ఇప్పటిదాకా పందొమ్మిది ఇళ్ల వివరం వెనక పుటలో ఉంది. ఇరవయ్యో ఇల్లు తెలిసినవారు చెప్పగలరు."

వచ్చే సోమవారం గద్వాల ప్రజావాణికి ఈ పుట తీసుకుని వస్తాను. బిందె కూడా తెస్తాను. దాని మీది అక్షరాలు ఫోటోలో సరిగా పడవు, వెలుతురులో తిప్పి చూడాలి.

ఇట్లు,
శ్రీరంగాపురం వాసి,
వనపర్తి జిల్లా; మా నాన్న కాలానికి వనపర్తి సంస్థానం, మహబూబ్‌నగర్ జిల్లా, హైదరాబాద్.